పిడికిలమ్మ గుట్ట: పొగ సోకని అమ్మవారు

పిడికిలమ్మ గుట్ట మీద గుడి లేదు. గోపురం లేదు, గంట లేదు, హుండీ అంతకన్నా లేదు. దూరాల నుంచి వచ్చిన భక్తులు గుట్ట ఎక్కి, చెమట తుడుచుకుని, అటూ ఇటూ చూసి "అమ్మవారు ఎక్కడండీ?" అని అడుగుతారు. మొర్రి చెట్ల నీడలో ముళ్లకంచె, కంచె లోపల నేలను చీల్చుకుని లేచినట్టు ఒక నల్లరాయి ఉంటుంది. మడిచిన వేళ్లు, వాటి మీదికి వాలిన బొటనవేలు స్పష్టంగా తెలుస్తాయి. ముఖం లేదు, కళ్లు లేవు. మూసిన పిడికిలి ఒక్కటే. అదే అమ్మవారు.

ఎక్కే ముందు ఒక మాట. గుట్ట మొదట్లో బల్లలా పరుచుకున్న రాయి ఉంది. మీ అగ్గిపెట్టెలు, లైటర్లు, బీడీలు, అగరొత్తులు, కర్పూరం, సాంబ్రాణి అన్నీ దాని మీద పెట్టి రండి. దిగేటప్పుడు తీసుకోవచ్చు, ఎవరూ ఎత్తుకుపోరు. ఈ గుట్ట మీద దీపం వెలిగించరు, హారతి పట్టరు, పొయ్యి రాజేయరు. వండిన అన్నం కింద నుంచే మోసుకు రావాలి. "దీపం లేని దేవత ఏం దేవత!" అని నవ్వేవాళ్లు ఏటా వస్తూనే ఉంటారు. నవ్వుకోవచ్చు. అగ్గిపెట్టె కింద పెట్టి ఆ తరువాత నవ్వండి.

ఇంకో నియమం కూడా ఉంది. పిల్లలు తిననిదే అమ్మకు నైవేద్యం లేదు. మీ పిల్లలే కానక్కరలేదు, గుట్ట మీద ఉన్న ఏ బిడ్డ అయినా సరే. ఒక ఏడు పట్నం నుంచి ఒక ఇల్లాలు అమ్మవారికి పట్టుచీర తెచ్చింది. కంచె దగ్గర ఎవరో కూలివాళ్ల పిల్లవాడు ఆకలికి ఏడుస్తున్నాడు. సేవ చేసే ముసలమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది. "ఆగు బిడ్డా. చీర యాడికి పోదు, చిరగదు. ముందుగాల ఆ పిల్లగానికి ఇంత పెట్టు" అన్నది. ఇల్లాలికి కోపం వచ్చిందని విన్నాం. అయినా పెట్టింది. పెట్టక తప్పదు.

ఈ రెండు నియమాలూ ఊరికే పుట్టలేదు. ఒక బిడ్డ చావులోంచి పుట్టాయి. ఆ కథ తెలియకుండా ఇక్కడ చేతులు జోడించి లాభం లేదు.

పూర్వం ఇక్కడ, గుట్ట చుట్టూ, చూపు ఆనినంత మేర మొర్రి అడవి ఉండేది. మొర్రి తెలియని వారికి చెబుతున్నాం: మీరు పాయసంలో వేసుకునే సారపప్పు ఈ చెట్టుదే. ఎండాకాలంలో చిన్న నల్లని పండు కాస్తుంది. పైన కొంచెం తియ్యని గుజ్జు, లోపల రాయిలాంటి గింజ, గింజను పగలగొడితే పప్పు. గుట్ట కింద ఒక గూడెం. వానలు తప్పి జొన్నలు నిండుకున్న ఏడు కూడా ఆ గూడెం జనం మొర్రి పండ్లు తిని, గింజలు దంచి పప్పు తీసుకుని ప్రాణాలు నిలుపుకునేవారు. అడవి వాళ్లకు రెండో గాదె.

ఆ గాదెను ఎవరు పడగొట్టారు? కొందరు రాక్షసుడని చెబుతారు, నమ్మకండి. కోటలో ఉండే దొరకు సారపప్పు మీద మోజు పుట్టింది. ఇంటికొక గంప పప్పు పంపమన్నాడు. అది అన్యాయమే. కాని దొర గొడ్డలి పట్టుకుని గుట్ట ఎక్కలేదు. పండేదాకా ఆగితే పక్కింటివాడు రాల్చుకుపోతాడన్న భయంతో గూడెం వాళ్లే పచ్చికాయలు దూశారు. చెట్టెక్కే ఓపిక లేక కొమ్మలు నరికారు. కొమ్మ అందకపోతే చెట్టునే పడగొట్టి కూర్చుని కోసుకున్నారు. తప్పంతా కోట మీదికి తోసి మనం చేతులు కడుక్కునే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. ఈ పుస్తకంలో ఆ పని చేయం.

కొన్నేళ్లకు అడవి మొత్తంలో ఒకే ఒక మొర్రి చెట్టు మిగిలింది. గుట్ట కొసన, కొమ్ముబండ అంచుకు వేలాడుతూ ఉండేది. గొడ్డలి విసరడానికి కాలు నిలవని చోటు కనుక మిగిలింది, ఎవరి దయవల్లా కాదు.

అప్పటికి గూడెం పెద్ద చిత్రుకు భయం పట్టింది. ఆ ఎండాకాలం చెట్టు విరగకాసింది. పండ్లన్నీ దింపించి, గుజ్జు కడిగించి, గింజలు ఒక గంపకు చేర్చాడు. వాన పడగానే గుట్ట చుట్టూ విత్తాలని అనుకున్నారు. ఆ గంపను దాచే పని కొమ్రవ్వకు ఒప్పజెప్పారు.

కొమ్రవ్వ భర్త అడవి జ్వరంతో పోయాడు. పాలపళ్లు ఊడే వయసు కూతురు ఒకతి, పేరు నీలి. కొమ్రవ్వకు ఉన్న ఆస్తి ఆ కూతురు, ఇంకా ఒక మంచిపేరు. ఆమె దాచిన విత్తనం మొలవకపోవడం అంటూ లేదు. జొన్న గాని, కంది గాని, అనుము గాని, వెదురుగంపకు పేడ అలికి, విత్తనం పోసి, మూతి మూసి, పొయ్యి మీది దూలానికి వేలాడదీసేది. ఏడాది పొడవునా పొగ తగిలేది. పురుగు దగ్గరికి వచ్చేది కాదు. గూడెంలో అందరూ అంతే చేసేవారు, ఆమె అందరికన్నా బాగా చేసేది.

"కొమ్రవ్వా, గూడెం పానం నీ దూలానికి కడుతున్న. ఒక్క గింజ పోవద్దు" అన్నాడు చిత్రు.

"పోదు పెద్దయ్యా. నా చెయ్యి నీకు ఎరుకే గదా" అన్నది కొమ్రవ్వ.

మేకలు కాసే పోసవ్వ అక్కడే ఉంది. పళ్లు లేని ముసలిది, నోటికి మాత్రం పదును తగ్గలేదు. "ఏందయ్యా చిత్రు, అడవిని నరికేటప్పుడు విత్తనం యాదికి రాలే? ఇప్పుడు గంపల పెట్టి ఉయ్యాల ఊపుతున్నవ్!"

"నీ మేకలు మేసింది తక్కువనా అవ్వా?"

"నా మేకలు ఆకు మేసినయి. నీ గొడ్డలి మొదలు మేసింది."

అందరూ నవ్వారు, చిత్రు కూడా నవ్వాడు. గూడెం అంతా కలిసి నవ్వింది అదే ఆఖరు.

ఆ ఏడు మృగశిర వచ్చి పోయింది, చుక్క పడలేదు. ఆరుద్రలో మబ్బు పట్టి విడిపోయింది. ఎండిన నేలలో విత్తి ఏం లాభమని గంపను దించలేదు. వచ్చే ఏడు విత్తుదాం అనుకున్నారు. జొన్న విత్తనాన్ని ఏడాది దాస్తే ఏమీ కాదు కదా, ఇదీ అంతే అనుకున్నారు. ఆ మాట దగ్గరే గూడెం దారి తప్పింది. ఎవరికీ తెలియలేదు.

చలికాలానికి గాదెలు ఊడ్చారు. తరువాత గడ్డలు తవ్వుకున్నారు. గడ్డలు అయిపోయాక చింతగింజలు ఉడకబెట్టుకున్నారు. పశువులు పడిపోయాయి. ముసలివాళ్లు పోయారు, తరువాత చంటిపిల్లలు పోయారు. కొమ్రవ్వ ఇంట్లో పొయ్యి మాత్రం ఆరలేదు. వండటానికి ఏమీ లేకపోయినా పుల్లలు ఎగదోసేది. పొగ ఆగితే గింజకు పురుగు పడుతుందని ఆమె భయం.

నీలి ఆ గంప కిందనే పడుకునేది. పైకి చూస్తూ ఉండేది.

"అమ్మా, ఒక్కటి పగలగొట్టి ఇయ్యవా?"

"విత్తనం తినద్దు బిడ్డా. అది ఊరిది."

"నేను ఊరిదాన్ని కాదా?"

కొమ్రవ్వ పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. కాసేపటికి పిల్లే మళ్లీ అన్నది: "అయితే నన్ను గూడ గంపల పెట్టి పైకి కట్టు. పురుగు పట్టకుంట ఉంట."

ఆ మాటకు తల్లి నవ్వింది, బిడ్డ నవ్వింది. ఈ మాట పోసవ్వ చెవిన పడింది కాబట్టే మనదాకా వచ్చింది. పోసవ్వ అప్పుడే అన్నది: "ఓ కొమ్రా, ఒక గుప్పెడు తియ్యవే. మీద ఎవడు లెక్క పెడతడు? పిల్ల కండ్లు చూడు ఎట్ల లోపలికి పోయినయో." కొమ్రవ్వ తల అడ్డంగా ఊపింది. "నన్ను నమ్మి ఇచ్చిండ్రు అత్తా" అన్నది. అంతే. ఆమె చెడ్డది కాదు. మాట ఇచ్చిన మనిషి.

వైశాఖం వచ్చింది. కొమ్ముబండ మీది చెట్టు ఆ కరువులోనూ నాలుగు కొమ్మలకు కాసిందని పోసవ్వ చెప్పింది. ఈ పండ్లు ఊరివి కావు, ఎవరి గంపలోనివీ కావు. కొమ్రవ్వ నీలిని పోసవ్వకు అప్పజెప్పి గుట్ట ఎక్కింది. కాళ్లలో బలం లేదు. బండ మీద బోర్లా పడి, చేతులతో పాకి, అందిన కొమ్మ వంచి, నల్లగా పండినవి ఒక గుప్పెడు ఏరి కొంగులో కట్టుకుంది. ఒక్కటి కూడా తన నోట్లో వేసుకోలేదు. జారుతూ, పడుతూ, దాదాపు పరుగెత్తుతూ దిగింది.

గుడిసె వాకిట్లో పోసవ్వ కూర్చుని ఉంది.

"నిమ్మలంగ రా కొమ్రా. ఇగ తొందర లేదు" అన్నది.

నీలి గంప కిందనే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, గంప వైపు. పొయ్యిలో పొగ ఇంకా లేస్తూనే ఉంది.

కొమ్రవ్వ ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుని గుట్ట మీదికి, ఇప్పుడు కంచె ఉన్న ఈ చోటికి తెచ్చింది. ఆమె గొయ్యి తవ్వుతుంటే పోసవ్వ మట్టి తోడింది. ఆకలితో పంపకూడదని కొంగుముడి విప్పి, పండ్లన్నీ బిడ్డ కుడి అరచేతిలో పోసి, వేళ్లు ఒక్కొక్కటి మడిచి, పిడికిలి మూసింది. ఆ తరువాత మట్టి కప్పింది.

చావులు అయ్యాక వానలు వచ్చాయి. అవి ఎప్పుడూ అంతే. మృగశిర మొదటి వానకే నేల నానింది. చిత్రు గంప దించాడు. ఊరి ముందర నేలకు మొక్కి, మిగిలిన మనుషులందరూ గుట్ట చుట్టూ తిరిగి మొర్రి విత్తారు. కొమ్రవ్వ కూడా విత్తింది. ఒక్క గింజ కూడా జారనివ్వలేదు. తన బిడ్డ ఖరీదు ఆ గింజలు.

గడ్డి మొలిచింది. కలుపు మొలిచింది. ఎప్పుడో రాలిన చింతగింజలు కూడా మొలిచాయి. మొర్రి మొలవలేదు. జనం రోజూ వెళ్లి నేల గీకి చూసేవారు. చివరికి ఓపిక చచ్చి చిత్రు ఒక గింజను తవ్వి తీసి రాతి మీద పగలగొట్టాడు. లోపల పప్పు ముడతలు పడి, గోధుమరంగు తిరిగి, ఎండుచర్మంలా ఉంది. ఇంకొకటి పగలగొట్టాడు. అదీ అంతే.

మనిషికి దుఃఖం వస్తే ఒకరి మీద పడాలి. గూడెం కొమ్రవ్వ మీద పడింది.

"మంచి గింజలు నీ బిడ్డకు పెట్టుకుని, పుచ్చు గింజలు మాకు మిగిల్చినవ్" అన్నాడు చిత్రు.

కొమ్రవ్వ అతని ముఖంలోకి చూసింది. "పెట్టి ఉంటే నా నీలి ఉండేది గదా పెద్దయ్యా" అన్నది.

అయినా ఆమెను గూడెంలో ఉండనివ్వలేదు. ఆ మాట వినలేక వెళ్లగొట్టారని మేమంటాం. రెండు చేతులూ ఊపుకుంటూ ఆమె గుట్ట ఎక్కింది. బిడ్డను పూడ్చిన చోట, మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు, తడిమట్టికి చెంప ఆనించి పడుకుంది. కునుకు పట్టింది.

కలలో నీలి వచ్చింది. ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"అమ్మా, చెయ్యి తిమ్మిరెక్కింది. విప్పనా?"

"విప్పు బిడ్డా."

"పైన పొగ ఉన్నదా?"

"లేదు తల్లీ. వాన ఉన్నది."

"అయితే విప్పుత" అన్నది నీలి.

కొమ్రవ్వ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా ఎవరూ లేరు. మట్టి మీద చెంప ఆనిన గుర్తు మాత్రం ఉంది. ఆమె అక్కడి నుంచి కదలలేదు. మరికొన్ని వానలు పడ్డాయి. ఒక ఉదయం పోసవ్వ మేకలు అటు వచ్చాయి. ముందు నడిచే పోతుమేక మెడ చాచి ఏదో కొరకబోయింది. కొమ్రవ్వ వట్టి చేతులతో దాని మూతి మీద కొట్టి, నేల మీద బోర్లా పడి అడ్డుకుంది.

"నీకు పిచ్చి పట్టిందే కొమ్రా, దాని కొమ్ము పొడిస్తే సస్తవ్!" అని అరుస్తూ వచ్చిన పోసవ్వ అక్కడే ఆగిపోయింది. కొమ్రవ్వ మోచేతుల మధ్య ఎర్రని లేత మొలకలు, ఒకే చోటి నుంచి, గుత్తిగా లేచి ఉన్నాయి. బిడ్డ కుడిచెయ్యి ఉన్న చోటు అది.

మేకలను అక్కడే వదిలేసి పోసవ్వ కొండ దిగింది. గూడెం నడుమ నిలబడి గొంతు చించుకుంది. "చిత్రూ! నీ గొడ్డలి ఇంట్ల పెట్టి గుట్ట మీదికి రా! నువ్వు ఎల్లగొట్టినదాని బిడ్డ నీకు మొర్రి మొలకలు ఇస్తున్నది. వచ్చి తీసుకో!"

జనమంతా ఎక్కి వచ్చారు. చిత్రుకు నమ్మకం కుదరలేదు. తవ్వి చూద్దామన్నాడు. కొమ్రవ్వ మొలకల చుట్టూ చేతులు వేసి కదలకుండా ఉండిపోయింది. "ఒకసారి మీ మాట విని నా బిడ్డను ఆకలికి ఇచ్చిన. రెండోసారి ఇయ్య" అన్నది. చేతిలో ఏం పెట్టి పూడ్చారో పోసవ్వ చెప్పింది.

అప్పుడు చిత్రుకు అర్థమైంది. అదే చెట్టు, అదే గింజ. చెట్టు నుంచి తిన్నగా మట్టిలోకి వెళ్లిన గింజ మొలిచింది. ఏడాది పాటు పొగలో వేలాడిన గింజ ఎండి చచ్చింది. జొన్నను కాపాడే పొగ మొర్రిని చంపుతుంది. మొర్రి గింజ ఆగదు. పండిన కాలంలోనే నేలకు చేరాలి. చూడటానికి రాయిలా ఉంటుంది, లోపలి ప్రాణం మాత్రం పచ్చిది.

ఇక్కడ చదివేవారు ఒక క్షణం ఆగాలి. నీలి ఒక్కటి పగలగొట్టి ఇవ్వమని అడిగిన నాటికి గంపలోని విత్తనం చచ్చి చాలాకాలమైంది. విత్తడానికి పనికిరాదు గాని, తినడానికి పనికి వచ్చేది. ఆ గుప్పెడు పప్పు ఆ బిడ్డను వానల దాకా ఈడ్చేది. చచ్చిన గింజను కాపాడుతూ బతికున్న బిడ్డను పోగొట్టుకున్నారు. కొమ్రవ్వ ఒక్కతే కాదు, గంప ఇచ్చినవాళ్లూ, నమ్మినవాళ్లూ, అడవి నరికినవాళ్లూ అందరూ. ఈ గుట్ట మీద పొగ ఎందుకు లేదో, పిల్లలు ముందు ఎందుకు తినాలో ఇప్పుడు మీకు మేము చెప్పనక్కరలేదు.

చిత్రు కొమ్రవ్వ కాళ్లు పట్టుకున్నాడు. ఆమె "లే" అనలేదు, "క్షమించిన" అనలేదు. "నీళ్లు మోసుకు రా" అన్నది. మొలకల చుట్టూ అతనే ముళ్లకంప నాటాడు. వానలు వెళ్లాక కింది చెలమ నుంచి కుండతో నీళ్లు మోశాడు. మొదటి ఏడు మొక్కలు జానెడు కూడా ఎదగలేదు. రెండో ఎండాకాలం కొన్ని మాడిపోయాయి. మిగిలినవాటికి మూడో ఎండాకాలం దాకా నీళ్లు పోశారు. ఆ తరువాత వేరు లోతుకు దిగి, మొక్కలు తమ దారి తాము చూసుకున్నాయి.

కొమ్రవ్వ మళ్లీ గూడెంలో అడుగు పెట్టలేదు. ఆ చెట్లు తొలికాపు కాసిన ఏడు, రాలిన పండ్లను గూడెం పిల్లలకు తన చేత్తో పంచి, మిగిలిన గింజలను అదే రోజు విత్తించింది. మరునాడు ఆమె కనబడలేదు. ఆమె కూర్చునే చోట ఈ రాయి ఉంది. ఆమె రాయి అయిందని కొందరంటారు. నీలి పిడికిలే రాయై పైకి వచ్చిందని కొందరంటారు. మేము వాదించం. వానాకాలంలో ఆ రాయి మీద చెయ్యి పెడితే చల్లగా, బిడ్డ చెయ్యిలా ఉంటుంది. అంతవరకు చెప్పగలం.

ఇప్పటికీ ఇక్కడ జరిగేది ఇదే. వైశాఖ జ్యేష్ఠాలలో పండు దానంతట అది రాలాలి. కొమ్మ దులపకూడదు, పచ్చికాయ కోయకూడదు. రాలిన పండ్లను ముందు పిల్లలకు పెడతారు. వాళ్లు గుజ్జు చప్పరించి ఊసిన గింజలను ఇసుకతో రుద్ది కడిగి, రాతితో కొట్టకుండా, ఆ వారంలోపే విత్తుతారు. పిల్లలు గింజలను గుప్పిట పట్టుకుని, చిన్న గుంటలో చెయ్యి పెట్టి, మట్టి లోపలే పిడికిలి విప్పుతారు. పైన మట్టి, రాలిన ఆకు, చుట్టూ ముళ్లకంప. విత్తిన కుటుంబం మూడు ఎండాకాలాలు వచ్చి నీళ్లు పోయాలి. పోయకపోతే మొక్కు చెల్లదు. ఫోటో దిగి వెళ్లిపోయేవారు దయచేసి విత్తకండి, గుట్ట చూసి వెళ్లండి. ప్రతి ఉత్సవంలో తొలి నీళ్లకుండ చిత్రు వంశం వాళ్లే మోస్తారు. కొత్తవాళ్లు దాన్ని గౌరవం అనుకుంటారు. వాళ్లను అడగండి, శిక్ష అని వాళ్లే చెబుతారు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దమనిషి కార్ల వరుసతో వచ్చి, ఇక్కడ సిమెంటు గుడి కట్టి యాగశాల పెట్టిస్తానన్నాడు. చుట్టూ చెట్లు కొట్టి చదును చేయాలన్నాడు. ఎండలో కంచె ముందు కూర్చున్న గూడెం ఆడవాళ్లు లేవలేదు. పోలీసులు వచ్చినా లేవలేదు. "అయ్యా, మా అమ్మకు పొగ పడదు. మీకు అంత భక్తి ఉంటే మూడు ఎండకాలాలు నీళ్లు మొయ్యుండ్రి" అన్నది వాళ్లలో ఒకామె. ఆయన మళ్లీ రాలేదు. చెట్లు ఉన్నాయి.

పిడికిలమ్మ సంతానం ఇస్తుందని, ఉద్యోగం ఇస్తుందని మేము రాయం. విత్తినవన్నీ మొలవవు, మొలిచినవన్నీ బతకవు. బతికిన మొక్క కాపుకు వచ్చేసరికి నీళ్లు పోసిన పిల్లలు పెద్దవాళ్లవుతారు. అప్పటి కరువులో ఏ తల్లీ వట్టి పొయ్యి ముందు కూర్చోకుండా ఉండటమే ఈ అమ్మ ఇచ్చే వరం. కరువు రాదని ఎవరూ అనుకోవద్దు.

విత్తే రోజున గుట్ట మీద మంత్రం లేదు. గుంటలో చెయ్యి పెట్టిన ప్రతి బిడ్డా తల్లి వైపు తిరిగి ఒక మాట అడగాలి, తల్లి ఒక మాట చెప్పాలి. గుట్టంతా ఆ రెండు మాటలే వినిపిస్తాయి.

"అమ్మా, విప్పనా?"

"విప్పు బిడ్డా. పైన పొగ లేదు."